ట్రాక్టర్‌లా తగిలించుకునే ఫోన్ ఎప్పుడొస్తుంది?

పిడుగురాళ్ల చుట్టుపక్కల పొలాల్లో ఒకే ట్రాక్టర్ ఎన్ని పనులు చేస్తుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? గొర్రు తగిలిస్తే దున్నుతుంది. రోటావేటర్ పెడితే మట్టిగడ్డలు చితక్కొడుతుంది. ట్యాంకు, పంపు బిగిస్తే మందు కొడుతుంది. ట్రక్కు తగిలిస్తే మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి పోతుంది. గొర్రు విరిగితే గొర్రే మారుస్తాం. అంతేగానీ ట్రాక్టర్‌ని పారేయం కదా!

మరి మన జేబులో ఉన్న ఫోన్ సంగతేంటి? బ్యాటరీ ఉబ్బినా, డిస్‌ప్లే పగిలినా రిపేర్ షాపులో చాలాసార్లు వినిపించే మాట ఒకటే: ‘దీనికి పెట్టే డబ్బులకి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది’. చాలా ఇళ్లల్లో ఆ ఫోనే కంప్యూటర్. ఆన్‌లైన్ క్లాసు, హాల్‌టికెట్, ఓటీపీ, యూపీఐ అన్నీ అందులోనే. ఒక్క ముక్క పోతే మొత్తం ఆగిపోతుంది.

అందుకే ‘మాడ్యులర్’ అనే మాట మళ్లీ వినిపిస్తోంది. అంటే ఏ ముక్కకి ఆ ముక్క విడిగా మార్చుకునే పరికరం.

కల వచ్చింది, కరిగిపోయింది

2013 సెప్టెంబర్‌లో నెదర్లాండ్స్‌కి చెందిన డిజైనర్ డేవ్ హాకెన్స్ ‘ఫోన్‌బ్లాక్స్’ అని ఓ వీడియో పెట్టాడు. కెమెరా ఒక ముక్క, బ్యాటరీ ఒక ముక్క, స్క్రీన్ ఒక ముక్క. ఏది పాడైతే అది పీకేసి కొత్తది పెట్టుకోవడమే. వీడియో వైరల్ అయింది. మరుసటి నెలలోనే, అప్పట్లో గూగుల్ చేతిలో ఉన్న మోటరోలా ఇలాంటిదే ‘ప్రాజెక్ట్ ఆరా’ ప్రకటించింది. తర్వాత మోటరోలాని లెనోవోకి అమ్మేసినా, ఆరాని మాత్రం గూగుల్ తన దగ్గరే ఉంచుకుంది. అయినా లాభం లేకపోయింది. 2016 సెప్టెంబర్‌లో మూటగట్టి అటకెక్కించింది.

అదే ఏడాది ఎల్‌జీ ‘జీ5’ వచ్చింది. కింది భాగం లాగితే బ్యాటరీతో సహా ఊడొచ్చేది. ఆ చోట కెమెరా గ్రిప్ లాంటివి పెట్టుకోవచ్చు. కానీ మరుసటి ఏడాది వచ్చిన ‘జీ6’లో ఆ ఊసే లేదు.

ఎందుకిలా అయింది? జవాబు మన ట్రాక్టర్ వెనకే ఉంది. గొర్రు తగిలించే మూడు పాయింట్ల లింకేజీని హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండ్ ఇంజినీర్ అభివృద్ధి చేశాడు. తర్వాత ఆ కొలతలు అంతర్జాతీయ ప్రమాణమయ్యాయి. అందుకే ఒక కంపెనీ ట్రాక్టర్‌కి ఇంకో కంపెనీ గొర్రు సరిపోతుంది. ఫోన్లలో అలా జరగలేదు. జీ5 ముక్క జీ5కే, మోటో ముక్క మోటోకే. పైగా ప్రతి అతుకూ కాస్త చోటు తింటుంది, మందం పెంచుతుంది. నీళ్లు, దుమ్ము దూరడానికి దారి ఇస్తుంది. జనం సన్నటి ఫోన్‌కే ఓటేశారు.

తీగ లేని కొక్కెం

అయితే ఎవరూ గమనించకుండానే ఫోన్ ముక్కలవుతోంది. ఇయర్‌బడ్స్, వాచ్, కీబోర్డ్ అన్నీ విడివిడి ముక్కలే. వీటిని కలిపే కొక్కెం బ్లూటూత్. ఇది ట్రాక్టర్ లింకేజీ లాంటిదే, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఏ బడ్స్ అయినా ఏ ఫోన్‌కైనా కలుస్తాయి. ఆరా చెయ్యలేని పని ఇది చేసేసింది.

2017లో శాంసంగ్ ‘డెక్స్’ తెచ్చింది. ఫోన్‌ని మానిటర్‌కి కలిపితే కంప్యూటర్‌లా కిటికీలు తెరుచుకుంటాయి. 2020 నుంచి తీగ లేకుండానే స్మార్ట్ టీవీకి కలిపే వీలొచ్చింది. ఇప్పటికైతే ఇది ఎక్కువగా ఖరీదైన మోడళ్లకే. 2025 మేలో గూగుల్, శాంసంగ్‌తో కలిసి ఆండ్రాయిడ్‌లోనే ఇలాంటి డెస్క్‌టాప్ సదుపాయం తెస్తున్నట్టు చెప్పింది. అది చవక ఫోన్ల దాకా దిగితే ఇంట్లో టీవీ, ఓ బ్లూటూత్ కీబోర్డు చాలు. ల్యాప్‌టాప్ కొనలేని డిగ్రీ విద్యార్థికి ప్రాజెక్ట్ రిపోర్ట్ టైపు చేసుకునే దారి దొరుకుతుంది.

2024 సెప్టెంబర్‌లో మెటా చూపించిన ‘ఓరియన్’ నమూనా ఇంకో అడుగు ముందుకేసింది. కళ్లద్దాలు తెర. చేతి పట్టీ మౌస్. అసలు లెక్కలు చేసే మెదడేమో జేబులో పెట్టుకునే చిన్న డబ్బా. మూడూ తీగ లేకుండానే మాట్లాడుకుంటాయి.

తమాషా ఏంటంటే, ఇరవై ఏళ్ల కిందట అందరూ దీనికి రివర్స్‌లో ఆలోచించారు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి 2004లో ‘పీసీటీవీటీ’ అనే వైర్‌లెస్ పరికరాన్ని ప్రతిపాదించారు. చదువు రానివాళ్లు కూడా వాడేలా కంప్యూటర్, టీవీ, ఫోన్ అన్నీ ఒకే పెట్టెలో. తర్వాత స్మార్ట్‌ఫోన్ చేసింది ఆ పనే. ఇప్పుడు ఆ పెట్టెనే మళ్లీ విడగొడుతున్నారు.

ఇక్కడే ఉంది మెలిక

వైర్‌లెస్ అనగానే ప్రతి ముక్కకీ సొంత బ్యాటరీ ఉండాలి. ఒక చార్జింగ్ కాస్తా నాలుగవుతుంది. చాలా ఇయర్‌బడ్స్‌లో ఆ బ్యాటరీని లోపలే అతికించేస్తారు. అది నీరసపడిందా, బడ్స్ చెత్తబుట్టకే.

మన ఎండ సంగతి సరేసరి. యాపిల్ తన ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. మన పక్కనే ఉన్న రెంటచింతలకి ఆ మాట చెబితే నవ్వుతారు. వేడికి ముందు దెబ్బతినేది బ్యాటరీయే. ఇక సున్నం బట్టీల ఊళ్లో దుమ్ము చార్జింగ్ పోర్టుని వదులుతుందా? ఆ లెక్కన మాత్రం వైర్‌లెస్ చార్జింగ్ మనకి మేలే. 2023లో వచ్చిన ‘చీ2’ ప్రమాణంతో అయస్కాంతంలా వెనక అతుక్కునే చార్జర్లు, పవర్ బ్యాంకులు వేర్వేరు కంపెనీల మధ్య పనిచేస్తాయి. దూరేందుకు రంధ్రమే అక్కర్లేదు.

ఇంకో ప్రమాదం సాఫ్ట్‌వేర్ తాళం. ముక్క సరిపోయినా, కంపెనీ ఒప్పుకోకపోతే పనిచేయదు. అమెరికాలో ఈ గొడవ ట్రాక్టర్ల దాకా వచ్చింది. తమ యంత్రాన్ని తామే బాగుచేసుకునే హక్కు కోసం అక్కడి రైతులు పోరాడితే, 2023లో కొలరాడో రాష్ట్రం చట్టం చేసింది.

ఫోన్ల విషయంలో యూరప్ ముందుంది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ పరికరాల బ్యాటరీలను, కొన్ని మినహాయింపులు పోగా, వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. ఫెయిర్‌ఫోన్ ఇప్పటికే అలాంటి ఫోన్లు, బడ్స్ అమ్ముతోంది. మన దేశంలో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ 2022 డిసెంబర్‌లో మొదలైంది. వస్తువుని ఎంత తేలిగ్గా బాగుచేయొచ్చో మార్కులు వేసే సూచీపై నిపుణుల కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది.

అందాకా మనం చేయగలిగింది ఉంది. ఈసారి ఫోనో బడ్సో కొనేటప్పుడు మెగాపిక్సెళ్లతో పాటు మూడు ప్రశ్నలు అడగండి. బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుంది? విడిభాగాలు పిడుగురాళ్లలోనో, కనీసం గుంటూరులోనో దొరుకుతాయా? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? ట్రాక్టర్ కొనేముందు మీ నాన్న స్పేర్ పార్ట్స్ సంగతి అడక్కుండా అడ్వాన్స్ ఇవ్వడు. ఫోన్‌కి మాత్రం మనమెందుకు ఊరుకోవాలి?