తాళం వేసిన ఇంటిలో నీరు

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాలు నల్లరేగడి నేలలు. ఇక్కడ అక్టోబరు, నవంబరు నెలలలో కురిసే ఈశాన్య ఋతుపవనాల వానలే ముఖ్యమైనవి. మిగిలిన కాలంలో ఎండ, పొడిగాలి ఎక్కువ. నాయకరాజుల కాలంలో ఈ సీమకు వలస వచ్చిన తెలుగువారు చేదబావులనూ, చెరువులనూ నమ్ముకొని బ్రతికారు. చేదబావి ఉన్న ఇంటికి తాళం వేసి ఊరికి వెళితే నీటి గురించి చింత ఉండేది కాదు. గొట్టాలు, కుళాయిలు ఉన్న ఇంటి సంగతి వేరు.

కుళాయి నీరు రోజంతా రాదు. నీరు రాని వేళ ఎవరో కుళాయి తిప్పి చూస్తారు, మూయడం మరచి ప్రయాణమవుతారు. తరువాత నీరు వదిలినప్పుడు ఆపేవారుండరు. ఇల్లు తడవడం ఒక నష్టం. వీధి చివరి ఇండ్లకు చేరవలసిన నీరు వృథా కావడం అంతకంటె పెద్ద నష్టం. అందుచేత బయలుదేరేముందు ఇంటిలోనికి నీరు వచ్చే ప్రధాన గొట్టం వాల్వు మూయాలి. వేసవిలో రేగడి నేల ఎండి బీటలు వారుతుంది. అప్పుడు భూమిలోని గొట్టాల అతుకులు సడలవచ్చు. కారిన నీరు బీటలలో ఇంకిపోతుంది కనుక కంటికి కనిపించదు. వాల్వు మూసి ఉంటే దాని అవతలి గొట్టాలకు ఈ బెడద ఉండదు.

మిద్దెపై తొట్టిని ఖాళీచేసి, లోపలి గోడలను తోమి, మూత బిగించాలి. డెంగీ దోమ గుడ్లు నీరు లేకున్నా నెలల తరబడి బ్రతికి ఉంటాయి.

చాలామంది మరచేది స్నానాలగది తూము. దాని అడుగున వంపు తిరిగిన గొట్టంలో సుమారు 5 సెంటీమీటర్ల లోతున నీరు నిలిచి ఉంటుంది. మురుగు కాలువలోని వాయువులనూ, బొద్దింకలనూ ఇంటిలోకి రానీయకుండా ఆపే తలుపు ఆ నీరే. పొడిగాలికి అది కొన్ని వారాలలో ఆవిరైపోతుంది. వెళ్ళేముందు తూములో చెంబెడు నీరు పోసి, దానిపై రెండు మూడు చెంచాల నూనె వేస్తే అది తేలుతూ నీటిని ఆవిరి కానీయదు. కడలమిఠాయికి పేరుపొందిన కోవిల్‌పట్టిలో వేరుసెనగ నూనెకు కొదవ లేదు గాని, వంటనూనె కొన్నాళ్ళకు చిక్కబడి కంపు కొడుతుంది. కుట్టుమిషను నూనె మేలు. పైన ప్లాస్టిక్ కాగితం పరచి ఇటుక పెడితే మరీ మంచిది.

తిరిగి వచ్చినప్పుడు మురుగు వాసన వేస్తే ముందు కిటికీలు తెరవాలి. మురుగు వాయువులో మండే మీథేన్ ఉండవచ్చు కనుక వెంటనే అగ్గిపుల్ల గీయరాదు. తూములలో నీరు పోయాలి. వాల్వును మెల్లగా తిప్పాలి, గొట్టాలలో గాలి చేరి ఉంటుంది. ఎండిన రబ్బరు వాషర్ల వలన ఏ కుళాయి అయినా కారుతున్నదేమో చూడాలి. మొదట వచ్చే నీరు త్రాగడానికి పనికిరాదు. దానిని బకెట్టులో పట్టి మొక్కలకు పోయవచ్చు.