800ని 900 చేస్తే ఏం మారుతుంది?

పెద్దపంజాణి నుంచి మదనపల్లె టమోటా మార్కెట్‌కు వచ్చి, లారీల వెనక ఇరుక్కుపోయిన పాత ఆల్టోను ఊహించుకోండి. స్టీరింగు వణుకుతోంది. ఏసీ వేస్తే ఇంజిన్ ఆగిపోయేటట్టుంది. "ల్యాప్‌టాప్ తగిలించి ఐడిల్ పెంచేస్తే సరిపోతుందన్నా" అనే సలహా ఇలాంటప్పుడే వస్తుంది. ఐడిల్ అంటే బండి ఆగి ఉన్నప్పటి ఇంజిన్ వేగం. పెంచవచ్చు. కానీ ముందు లెక్క చూడండి.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు మండుతుంది. 800 ఆర్పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర నాలుగు సిలిండర్ల బండిలో అది సెకనుకు దాదాపు 27 సార్లు. ఆల్టో, క్విడ్ లాంటి మూడు సిలిండర్ల బండిలో 20 సార్లే. చిన్న కార్లు ఎక్కువ వణకడానికి ఇదొక కారణం. 900కు పెంచితే ఆ 20 కాస్తా 22.5 అవుతుంది, అంతే.

కార్బరేటరు రోజుల్లో స్క్రూ తిప్పితే అయిపోయే పని ఇప్పుడు ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, ఫైల్లో ఉంది. 2 మెగాబైట్ల ఫైలంటే 20 లక్షలకు పైగా బైట్లు. వాటిలో ఐడిల్ పట్టిక చాలా చిన్నది: ఇంజిన్ చల్లగా ఉంటే 1,200, వేడెక్కితే 800, ఇలా కూలెంట్ వేడిని బట్టి లక్ష్యాలు. ఒక బైటులో 255కి మించి పట్టదు కనుక కొన్ని ఫైళ్ళలో 800ని 80గా దాస్తారు. తెరమీద అది 50లా కనబడుతుంది, ఆ లెక్క పదహార్లలో నడుస్తుంది కాబట్టి: 5×16. దాన్ని 90 చెయ్యాలంటే '5ఏ' అని రాయాలి (ఏ అంటే పది: 5×16+10). ఆ ఒక్క బైటు మారినా ఫైలు మొత్తానికి ఉండే సరిచూపు అంకె, అంటే చెక్‌సమ్, తప్పుతుంది. దాన్ని సరిచేయకపోతే బండి స్టార్ట్ కాకపోవచ్చు. రాస్తుండగా బ్యాటరీ పడిపోతే ఈసీయూనే పోవచ్చు. అసలు ఫైలు కాపీ దాచుకోకుండా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకండి.

"మనది ఎత్తు ప్రాంతం, గాలి పలచన" అనే మాటా వింటాం. నిజమే, మొగిలి ఘాటు ఎక్కాక మదనపల్లె ఉన్న పీఠభూమి సుమారు 700 మీటర్ల ఎత్తు. గాలి ఒత్తిడి సముద్ర తీరంకన్నా దాదాపు 8 శాతం తక్కువ. కార్బరేటరుకు అది ఇబ్బందే, పెట్రోలు పాలు ఎక్కువయ్యేది. ఇంజెక్షన్ బండి సెన్సరుతో ఒత్తిడి కొలిచి, గాలిదారిని కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. వణుకుకు ఎత్తును తప్పుపట్టలేం.

ఖర్చు చూద్దాం. ఆగి ఉన్న చిన్న కారు గంటకు 0.7 లీటరు తాగుతుందనుకుంటే, 900 దగ్గర సుమారు 0.08 లీటరు అదనం. రోజుకు అరగంట చొప్పున నెలకు 1.2 లీటర్లు. జేబుకు ఇది పెద్ద భారం కాదు. నా బాధల్లా మూలకారణం మరుగున పడుతుందనే. త్రాటిల్ బాడీకి పట్టిన కార్బన్, చిట్లిన వాక్యూమ్ గొట్టం, అరిగిన ప్లగ్గులు, చీలిన ఇంజిన్ మౌంట్లు ఫైల్లో కనబడవు. స్కానర్‌లో లక్ష్యం 800 ఉండి ఇంజిన్ 650కి జారుతుంటే, తప్పు లక్ష్యంలో లేదు.

పొల్యూషన్ పరీక్ష సంగతి కూడా ఉంది. బీఎస్4 పెట్రోలు కారు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. ముందు త్రాటిల్ కడిగించి, ప్లగ్గులు మార్పించి, ఆ పరీక్ష కాగితం మీది అంకెలు చూడండి. అప్పటికీ ఏసీ వేయగానే కుంగుతుంటే, 50 ఆర్పీఎం పెంచితే చాలేమో అడగండి.