ఇంకొంచెం లోపలికి

బెంటన్‌విల్‌లో సముద్రం లేదు. కొత్తగా దిగినవాళ్లకి ఈ సంగతి మేం మొదటి వారంలోనే చెప్పేస్తాం, ఆశలు పెట్టుకోకుండా. ఉన్నదల్లా బీవర్ లేక్. అసలైన ఉప్పు నీళ్లే కావాలంటే కారు తీసి దక్షిణంగా దాదాపు పది గంటలు తోలాలి, అప్పుడు గాల్వెస్టన్ వస్తుంది.

మా ఆవిడది విశాఖపట్నం. పెళ్లయి ఇక్కడికొచ్చిన కొత్తలో ఊరంతా తిప్పి చూపించాను. శామ్ వాల్టన్ 1950లో తీసుకున్న పాత కొట్టు, దాని ముందున్న స్క్వేరు, అడవి మధ్య నీళ్ల మీద కట్టిన క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం. అన్నీ అయ్యాక "ఎలా ఉంది మా ఊరు?" అని అడిగితే, "బానే ఉంది గానీ, ఊరు ఎటు అయిపోతుందో తెలియట్లేదు" అంది. విశాఖలో ఆ గొడవ లేదు. ఏ వీధిలోంచి తూర్పుగా నడిచినా ఎక్కడో ఒకచోట సముద్రం వచ్చి, ఇక చాల్లే అంటుంది.

ఆ తర్వాత కరోనా, ఆ తర్వాత వీసా స్టాంపింగ్ భయం. అలా అయిదేళ్లు ఇండియా మొహం చూడలేదు. మా ఊళ్లో తెలుగువాళ్లలో చాలామందికి బతుకు రిటైల్‌తోనే ముడిపడి ఉంది. థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా సెలవు అడగడమంటే పెళ్లివారింట్లో వంటవాడు సెలవడిగినట్టే. అందుకని 2023 డిసెంబరు 27న బయల్దేరి, సంక్రాంతి చూసుకుని వచ్చేట్టు టికెట్లు కొన్నాం. మొత్తం మూడు వారాలు. అందులో నాలుగు రోజులు విమానాలకే సరి.

మా ఆవిడ ఎక్సెల్ షీటు తెరిచింది. ఒక కాలమ్ 'చుట్టాలు', ఇంకొకటి 'చూడాల్సినవి'. రూలు ఏంటంటే ఒక చుట్టాలింటికి వెళ్తే ఒక చోటు చూడాలి. చుట్టాల కాలమ్ ఇరవై రెండో వరసకి వచ్చింది. రెండో కాలమ్ ఆరు దగ్గర ఆగిపోయింది.

ఏడోది మా అమ్మ కలిపింది. అమ్మ రాజమండ్రిలో అన్నయ్య దగ్గర ఉంటుంది. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక పెద్దగా ఎక్కడికీ కదలట్లేదు. ఫోన్లో ప్లాను మొత్తం విని, "ఉప్పాడ ఎలాగూ వెళ్తారుగా. మన నుయ్యి ఫోటో ఒకటి తీసుకురారా" అంది.

ఉప్పాడ మా అమ్మ పుట్టిల్లు. అమ్మమ్మా వాళ్ల ఇల్లు సముద్రంలో కలిసిపోయిందని మాకందరికీ తెలుసు. నేను ఇంజనీరింగ్ చదివేటప్పటి మాట అది. ఒక తుఫానుకి వెనక గోడ, ఇంకో తుఫానుకి వంటిల్లు, అలా విడతల వారీగా పోయింది. కానీ నూతి ఒరలు ఇంకా ఉన్నాయని ఎవరో చెప్పారట.

"అమ్మా, అది కూడా పోయుంటే?"

"పోతే పోయిందని చెప్పు. చూడకుండా మాత్రం చెప్పకు."

హైదరాబాద్‌లో దిగి, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ చేరాం. సంక్రాంతి రోజుల్లో ఆ బండికి టికెట్ దొరకడం గురించి రాస్తే అదే ఒక వ్యాసం అవుతుంది, వదిలేస్తున్నాను. అత్తగారింట్లో నాలుగు రోజులు. మామగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్‌కి నడక. ఇసుక మీద నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైన్ లోపలికి మళ్లీ వెళ్లాం. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. దాని ఇరుకు మంచాలు చూసి, "మీ మొదటి అపార్ట్‌మెంట్ ఇంతే ఉండేది కదా" అన్నారు మామగారు. ఆయన ఫోటోల్లోనే చూశారు లెండి.

ఆ నడకల్లో ఆయన చెప్పిన ఒక విషయం తర్వాత ఉప్పాడలో పనికొచ్చింది. మనం బీచ్ అంటే కదలకుండా ఉండే నేల అనుకుంటాం. కాదట. ఒడ్డు వెంట ఇసుక నదిలా ప్రయాణం చేస్తూనే ఉంటుందట. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం లెక్క చూస్తే, అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువగా తోస్తాయి. మధ్యలో హార్బరు కోసం రాళ్ల గట్టు కడితే ఇసుక దక్షిణం వైపు ఆగిపోతుంది. ఉత్తరం వైపు బీచ్‌కి రావాల్సింది రాదు. కానీ అలలు తీసుకుపోవాల్సింది తీసుకుపోతూనే ఉంటాయి.

"బ్యాంకులో జీతం పడటం ఆగి, ఈఎంఐలు మాత్రం కటవుతున్నట్టు" అన్నాను.

"అంతే. అందుకే డ్రెడ్జరు పెట్టి ఇసుక తోడి ఇటు పోస్తుంటారు. మనం నిలబడింది పోసిన ఇసుక మీదే అయ్యుండొచ్చు" అన్నారాయన, చెప్పు దులుపుకుంటూ.

భీమిలి ఒక పూట. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు, డచ్చివాళ్ల సమాధులు. సొంత దేశానికి అంత దూరం వచ్చి, ఇక్కడి ఒడ్డునే ఉండిపోయినవాళ్లు. మా ఆవిడ ఆ రాళ్ల ముందు ఎక్కువసేపు నిలబడింది. ఎందుకని నేనడగలేదు, తను చెప్పలేదు.

తర్వాత కారులో దక్షిణానికి. తుని, అన్నవరం దాటి, కత్తిపూడి దగ్గర పెద్ద హైవే వదిలి, పిఠాపురం మీదుగా ఉప్పాడ. మావయ్య వీధి చివరిదాకా ఎదురొచ్చాడు. "ఏరా అల్లుడూ, ఇప్పటికి గుర్తొచ్చామా" అన్నాడు. అత్త చందువా వేపుడు చేసింది. తిన్నాక మాట్లాడుకుందాం అంది. తిన్నాక మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు.

మావయ్యది మగ్గం పని. ఉప్పాడ జామ్దానీ అంటే తెలియని తెలుగు ఆడవాళ్లు తక్కువ. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గుంట మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. నాడె ఒకసారి అటూ ఇటూ వెళ్లాక, బుటా వచ్చేచోటల్లా విడి పోగుని వేళ్లతో దూర్చాలి. చీర అటు తిప్పినా ఇటు తిప్పినా పువ్వు ఒకేలా ఉంటుంది. పెద్ద డిజైనైతే చీరకి నెలలు పడుతుంది. మగ్గం మీదున్న చీర పైట కొంగు చూసి మా ఆవిడకి నోట మాట రాలేదు. నాకు మాత్రం మగ్గం కింద గుంట చూస్తే వేరే అనుమానం వచ్చింది.

"మావయ్యా, ఈ గుంటలోకి నీళ్లు రావా?"

"మొన్న డిసెంబరు తుఫానుకి చెమ్మెక్కింది" అన్నాడు. అది మిచౌంగ్. బాపట్ల దగ్గర డిసెంబరు 5న తీరం దాటింది. అంత దూరాన దాటినా ఇక్కడ అలలు రోడ్డు మీదకి రాళ్లు విసిరాయట. "ఇది మూడో ఇల్లురా. తాతగారి ఇల్లు ఒకటి, దాని తర్వాత నేను కట్టుకున్నది ఒకటి, ఇది. ప్రతిసారీ మగ్గాన్ని వెనక్కి జరుపుకుంటూ వచ్చా."

"పిఠాపురంలో పిల్లల దగ్గర ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు" అన్నాడు. ఇంకేం అనలేదు.

సాయంత్రం ఒడ్డుకి తీసుకెళ్లాడు. ఉప్పాడ చూడనివాళ్లకి చెప్పాలంటే, బీచ్ అనే ముక్క అక్కడ చాలాచోట్ల లేనే లేదు. ఊరు, తర్వాత రాళ్ల కుప్పలు, తర్వాత సముద్రం. ఇసుక నింపిన జియో ట్యూబులు ఒకప్పుడు వేశారు. వాటి చిరిగిన పీలికలు రాళ్లలో కనిపించాయి. సగం విరిగిన ఇళ్లు. ఒక ఇంట్లో గోడకున్న దేవుడి గూడు అలాగే ఉంది, ఎదర గోడ లేదు, గూట్లోంచి చూస్తే నేరుగా బంగాళాఖాతం.

ఎందుకిలా అంటే ఒక్క కారణం కాదు. ఉప్పాడకి దక్షిణాన కాకినాడ. దాని ఎదురుగా గోదావరి ఒండ్రుతో పెరిగిన హోప్ ఐలాండ్ ఉంది, దాదాపు 16 కిలోమీటర్ల పొడవు ఇసుక దిబ్బ. అది అడ్డుగా ఉండబట్టే కాకినాడ సముద్రం చెరువులా ఉంటుంది. ఆ దిబ్బ నీడ ఉప్పాడ దాకా రాదు. కాకినాడని వదిలేసిన అలలు ఇక్కడ పడతాయి. గోదావరి మీద ఎగువన ఆనకట్టలు కట్టాక సముద్రానికి చేరే ఒండ్రు బాగా తగ్గింది. మధ్యలో పోర్టు కట్టడాలు. పైగా తుఫానులు. మామగారు చెప్పిన జీతం-ఈఎంఐ లెక్క ఇక్కడ చివరి నెలకి వచ్చేసినట్టుంది.

ఆటు సమయం. నీళ్లు కాస్త వెనక్కి తగ్గాయి. రాళ్లకి అవతల, అలలు విరిగేచోట, ఒక నూతి ఒర నిలబడి ఉంది. చుట్టూ ఉన్న నేల పోయింది, నుయ్యి మాత్రం గొట్టంలా మిగిలింది. మావయ్య అప్పటికే వెనక ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను రాళ్ల మీద దిగి, మోకాలి దాకా తడిసి, పదిహేను ఫోటోలు తీశాను. ఫోన్లో మ్యాప్ తెరిచి అక్కడే ఒక పిన్ను కూడా పెట్టాను, 'అమ్మమ్మగారిల్లు' అని. ఏదో సాధించినట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున బయల్దేరుతుంటే మావయ్య ఒక చీర తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టాడు. డబ్బు సంగతి ఎత్తబోతే అత్త నా వైపు చూసిన చూపుకి జేబులో చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

కాకినాడలో కాజాలు కొని, కోరింగ మడ అడవికి వెళ్లాం. చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు. మడ చెట్లు ఊపిరి తీసుకునేది వాటితోనే. ఉప్పాడ చూసొచ్చిన కళ్లకి, ఆ బురదని పట్టుకుని నిలబడ్డ చెట్లని చూస్తే దండం పెట్టాలనిపించింది. ఒకప్పుడు ఈ కోరింగ పెద్ద రేవు. 1839 నవంబరు ఉప్పెనలో తుడిచిపెట్టుకుపోయింది. ఈ తీరం నుంచే మనవాళ్లు ఓడలెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లకి 'కోరంగీలు' అనే పేరు పడిపోయింది. మా అమ్మమ్మ తండ్రి కూడా రంగం వెళ్లి డబ్బు పంపి ఇల్లు కట్టించాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఇల్లే ఈ ఇల్లు. బయటి దేశం డబ్బుతో సొంతూళ్లో ఇల్లు కట్టడం మనం ఇప్పుడు కనిపెట్టిందేం కాదు.

యానాంలో ఒక పూట, అంతర్వేదిలో ఒక రాత్రి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోటుని అక్కడ అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఆ పేరు విని మా ఆవిడ, "అమ్మ, మావయ్య ఇద్దరూ కలిసి ఎన్నాళ్లయింది?" అంది. లెక్క వేశాను. మూడేళ్ల పైనే. రాజమండ్రికీ ఉప్పాడకీ మధ్య వంద కిలోమీటర్లు కూడా ఉండదు. షీటులో చుట్టాలని వరసలుగా పెట్టుకున్నాం గానీ, చుట్టాలకీ చుట్టాలకీ మధ్య దూరం వేసుకోలేదు.

సంక్రాంతికి రాజమండ్రి చేరాం. అమ్మకి ఫోటో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూసింది. నేను మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను.

"ఇది మన నుయ్యి కాదురా."

"అదేంటమ్మా, ఒడ్డున ఉన్నది అదొక్కటే."

"మనది రాతి నుయ్యి. ఇది సిమెంటు ఒర. ఇది మన వెనక రెండు వీధుల తర్వాత ఉండే వాళ్లది. ఆ ఇంటి పిల్ల నాతో చదువుకుంది." ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "మనది ఇంకా లోపల."

నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను. అమ్మ అప్పటికే అరిసెల డబ్బా మూత తీస్తోంది. కాసేపటికి, "వాడెలా ఉన్నాడు?" అంది. మావయ్య గురించి. చీర చూపించాం. అంచు మీద వేలు పెట్టి అలాగే తడుముతూ కూర్చుంది. ఆ సాయంత్రం అన్నయ్య కారు తీశాడు. అమ్మని వెనక సీట్లో కాళ్లు చాపి కూర్చోబెట్టి, కనుమ కాబట్టి ప్రయాణం వద్దని పక్కింటావిడ అంటున్నా వినకుండా, ఉప్పాడ తీసుకెళ్లాం. ఒడ్డుకి వెళ్దామంటే అమ్మ వద్దంది. మగ్గం దగ్గర కుర్చీ వేయించుకుంది. అక్కాతమ్ముళ్లిద్దరూ రాత్రి పదకొండు దాకా మాట్లాడుకున్నారు. సముద్రం ప్రసక్తే రాలేదు. బయట దాని చప్పుడు మాత్రం వినపడుతూనే ఉంది.

బెంటన్‌విల్ తిరిగొచ్చి రెండు వారాలైంది. మొన్న శనివారం వీడియో కాల్‌లో అమ్మకి శాటిలైట్ మ్యాప్ షేర్ చేశాను. గుడి దగ్గర మొదలుపెట్టాం. అమ్మ వీధులు లెక్కపెడుతూ చెబుతోంది, నేను మౌస్ జరుపుతున్నాను. మూడో వీధి దగ్గర నేల అయిపోయింది. ఆగాను.

"ఆగావేంట్రా? ఇంకొంచెం లోపలికి."

జరిపాను. నురగ దాటింది. లేత నీలం దాటింది.

"ఇంకొంచెం. అదిగో, అక్కడ."

పాత పిన్ను తీసేసి అక్కడ పెట్టాను. చుట్టూ నీళ్లే. పేరు మార్చలేదు.