లంచం తిన్నవాళ్లకి పెన్షన్ ఎందుకు?

మొన్న హాస్టల్ మెస్ టీవీలో ఏసీబీ వార్త వచ్చింది. ఎవరో ఆఫీసర్ లంచం తీసుకుంటూ దొరికాడు. ఇలాంటి ట్రాప్‌లో నోట్లకి ఫినాఫ్తలీన్ పౌడర్ రాసి ఇస్తారు. ఆ నోట్లు పట్టుకున్న చేతుల్ని సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగులోకి మారతాయి. (ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్ బయట ఎక్కడా పనికిరాదనుకున్నా.) మా టేబుల్ దగ్గర అందరిదీ ఒకటే మాట: "ఇలాంటోళ్లకి పెన్షన్ కూడా పీకెయ్యాలిరా!"

నేనేం మాట్లాడలేదు. మా పెదనాన్న చేతులు ముంచినా నీళ్లు అలాగే మారాయి. రిటైర్మెంట్‌కి ఇంకా ఎనిమిది నెలలే ఉంది అప్పటికి.

ఆయన ఏ తప్పూ చెయ్యలేదని నేను రాయను. చేశారనే అనుకుంటున్నాను. అయితే ఆ రోజు నుంచి పెన్షన్ రూల్స్ చదవడం మొదలుపెట్టాను. చదివాక మెస్‌లో అన్నంత ఈజీగా "పీకెయ్యాలి" అనలేకపోతున్నాను.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చి చెప్పింది. పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సర్వీసుకి ఉద్యోగి సంపాదించుకున్న హక్కు. అందుకే డిసెంబరు 17ని పెన్షనర్ల దినోత్సవంగా జరుపుకుంటారు. 2013లో జార్ఖండ్ కేసులో ఇంకాస్త ముందుకెళ్లి, పెన్షన్ అంటే రాజ్యాంగం 300ఎ అధికరణం కింద ఆస్తి అనీ, చట్టబద్ధమైన రూల్ లేకుండా ఆపడానికి వీల్లేదనీ చెప్పింది.

రూల్ ఉంటే మాత్రం ఆపొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1980 నాటి పెన్షన్ రూల్స్ ఉన్నాయి. 9వ రూల్ ప్రకారం ఉద్యోగంలో ఉండగా తీవ్రమైన తప్పు చేశారని తేలితే, రిటైరయ్యాక కూడా పెన్షన్‌లో కొంతో మొత్తమో ఆపెయ్యొచ్చు. కొన్నాళ్లకైనా, శాశ్వతంగానైనా.

నాకు తేడాగా అనిపించింది ఇక్కడే. సర్వీసులో ఉండగా డిస్మిస్ అయితే అంతకుముందు చేసిన సర్వీసంతా పోయినట్టే. మరీ జాలి చూపించదగ్గ కేసు అయితే, రావాల్సిన పెన్షన్‌లో మూడింట రెండొంతులు మించకుండా కారుణ్య భత్యం ఇవ్వొచ్చు, అదీ ప్రభుత్వం ఇష్టం. అదే తప్పు చేసి దొరక్కుండా రిటైరైపోయినవాడి మీద, నాలుగేళ్లు దాటిన సంగతి గురించి శాఖాపరమైన విచారణ కొత్తగా మొదలుపెట్టడానికే లేదు. కోడ్‌లో ఇలాంటి ఇఫ్ కండిషన్ రాస్తే మా సార్ మార్కులు కోసేస్తారు. ఇక 2004 తర్వాత చేరి ఎన్పీఎస్‌లో ఉన్నవాళ్లకి నెలనెలా జమైన డబ్బు వాళ్ల ఖాతాలోనే ఉంటుంది. డిస్మిస్ చేసినా మామూలుగా దాన్ని జప్తు చెయ్యరు. తప్పు ఒకటే, శిక్ష మాత్రం చేరిన తేదీని బట్టి!

ఇంకో వైపు కూడా చూడాలి. పాత పెన్షన్ అంటే ఫుల్ సర్వీసుకి చివరి జీతంలో సగం, దాని మీద డీఏ. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి లంచం ఇచ్చుకున్న ముసలి రైతుకి వచ్చే సామాజిక పెన్షన్ నెలకి 4,000. ఆ రైతు ముందు నిలబడి "మా పెదనాన్నది హక్కు" అనడానికి నాకు నోరు రాదు.

నా లెక్క ప్రకారం, కోర్టులో నేరం రుజువైతే పెన్షన్ కొయ్యాలి, గట్టిగానే కొయ్యాలి. కానీ సున్నా చెయ్యకూడదు. పెద్దమ్మ బతకడానికి సరిపడా వదలాలి. ఆవిడకి తెలీదా అంటారేమో. ఇంట్లోకి ఏసీ వచ్చినప్పుడు ఆవిడ అడగలేదు. నా మొదటి ల్యాప్‌టాప్ కొనిచ్చింది పెదనాన్నే, ఆ డబ్బు ఎక్కడిదని నేనూ అడగలేదు. ఇది దాని మీదే టైప్ చేస్తున్నాను.

కేసు ఇంకా నడుస్తోంది. సస్పెన్షన్‌లోనే రిటైరయ్యారు. గ్రాట్యుటీ ఆగిపోయింది, కమ్యుటేషన్ లేదు. తాత్కాలిక పెన్షన్ మాత్రం వస్తోంది. తీర్పు ఎటు వచ్చినా త్వరగా వస్తే చాలంటుంది పెద్దమ్మ. వచ్చే నెల మళ్లీ వాయిదా ఉంది. పోయినసారి లాయర్ రాలేదు.