పొట్ట కోయకుండానే ఆవు కడుపు సంగతి తెలుసుకోవడం ఎలా?

జీవామృతానికైనా, ఘనజీవామృతానికైనా మూలం ఆవు పేడే. ఆ ఆవు కడుపు చెడితే ముందుగా చెప్పేదీ పేడే.

పశువుల జబ్బుల్ని తొందరగా గుర్తించే పరీక్షల మీద గచ్చిబౌలిలోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ, అంటే ఎన్‌ఐఏబీ, పరిశోధనలు చేస్తోంది. అదే నగరంలో చెత్తకుప్పల దగ్గర ఆవులు మిగిలిన అన్నాన్ని కవర్లతో సహా మింగేస్తుంటాయి. ప్లాస్టిక్ అరగదు, కడుపులోనే ముద్దకడుతుంది. అప్పుడిక ఆపరేషన్ తప్ప దారి ఉండదు. అందుకే ముందే కనిపెట్టాలి.

నెమరు: ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకు 6 నుంచి 8 గంటలు నెమరేస్తుంది. ఒక్కో ముద్దను 40 నుంచి 60 సార్లు నములుతుంది. పెద్ద డెయిరీల్లో మెడ బెల్టు సెన్సర్లు లెక్కేసేది ఈ నెమరునే.

ఎడమ డొక్క: పిడికిలి ఆనించి 2 నిమిషాలు ఉంచండి. కడుపు కనీసం రెండుసార్లు కదిలి చేతిని నెట్టాలి. డొక్క ఉబ్బి, తడితే డప్పులా మోగితే కడుపుబ్బరం. ఆలస్యమైతే గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

పేడ: అన్నం, బియ్యం ఎక్కువగా తింటే నీళ్లగా, పుల్లటి వాసనతో పడుతుంది.

నడక: వీపు గూనిలా వంచి, పల్లం దిగడానికి వెనకాడుతుంటే లోపల మేకో తీగో గుచ్చుకుందేమో చూపించాలి.

ఇవి హెచ్చరికలు మాత్రమే, జబ్బు తేల్చాల్సింది డాక్టరే. నూనె, సోడా బలవంతంగా పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. వెంటనే 1962కి ఫోన్ చేయండి. పిడికిలి ఎక్కడ పెట్టాలో వీడియోలో చూసి, ఆవు బాగున్నప్పుడే అలవాటు చేసుకోండి. బాగున్న కడుపు ఎలా కదులుతుందో తెలిస్తేనే తేడా పట్టుకోగలం.