పాప పేరు మీద పాసుబుక్కు

ఒక తల్లి ఉంది. నాట్లు వేస్తుంది. కలుపు తీస్తుంది. వచ్చిన కూలిలో ఇంటి ఖర్చు పోగా మిగిలింది పోస్టాఫీసులో దాచుకుంటుంది. అలా మూడేళ్లలో 9 వేల రూపాయలు కూడబెట్టింది.

ఆ డబ్బు మీద అందరి కళ్లూ పడ్డాయి. మరిది బండికి అడిగాడు. పెనిమిటి పండక్కి అడిగాడు. ఆమె మనసులో మాట వేరు. పాపకు ఇప్పుడు ఆరేళ్లు. పదో తరగతితో పాప చదువు ఆగకూడదు. తన అక్క కూతురు బాగా చదివేది. ఫీజుకు డబ్బు లేక పదితోనే ఆగిపోయింది.

ఒకరోజు ఆమె పోస్టుమాస్టరును అడిగింది.

"అయ్యా, ఈ డబ్బు ఎవరూ ముట్టకుండా పాప కోసం దాచే దారి ఉందా?"

"ఉందమ్మా. సుకన్య సమృద్ధి ఖాతా తెరువు. ఉన్న డబ్బు అందులోకి మార్చు" అన్నాడాయన.

ఏమిటీ ఖాతా?

ఇది ఆడపిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2015లో పెట్టిన పొదుపు పథకం. పోస్టాఫీసులో తెరవొచ్చు. చాలా బ్యాంకుల్లోనూ తెరవొచ్చు. పాపకు పదేళ్లు నిండక ముందే తెరవాలి. ఒక పాపకు ఒకటే ఖాతా. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు తెరవొచ్చు. కవల పిల్లలుంటే ఆ లెక్క వేరు, అడిగి తెలుసుకోవాలి. తల్లిగాని తండ్రిగాని, చట్టప్రకారం సంరక్షకులుగాని తెరవాలి. అమ్మమ్మ, నాయనమ్మ డబ్బు ఇవ్వొచ్చు. కాని ఖాతా తల్లిదండ్రులో, చట్టప్రకారం సంరక్షకులో నడపాలి. పాపకు 18 ఏళ్లు నిండాక ఖాతా పాప చేతికి వస్తుంది.

ఎంత కట్టాలి?

ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టాలి. లక్షా 50 వేలకు మించి కట్టకూడదు. ఏడాది అంటే ఏప్రిల్ నుంచి మార్చి వరకు. నెలనెలా కట్టొచ్చు. పంట చేతికొచ్చినప్పుడు ఒక్కసారే కట్టొచ్చు. ఖాతా తెరిచిన రోజు నుంచి 15 ఏళ్లు కట్టాలి. తర్వాత కట్టే పని లేదు. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 21 ఏళ్లకు ఖాతా గడువు తీరుతుంది.

ఒక ఏడాది కట్టడం మరిచిపోతే భయపడొద్దు. ఆ ఏడాదికి కట్టాల్సిన 250తో పాటు 50 రూపాయల జరిమానా కడితే ఖాతా మళ్లీ నడుస్తుంది.

వడ్డీ ఎంత?

వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకొకసారి ప్రకటిస్తుంది. 2024 జనవరి నుంచి ఏడాదికి నూటికి 8 రూపాయల 20 పైసలుగా నిర్ణయించారు. మామూలు పోస్టాఫీసు పొదుపు ఖాతాలో ఏడాదికి నూటికి 4 రూపాయలే. అంటే అదే డబ్బుకు రెండింతల పైనే వడ్డీ.

ఒక లెక్క చూద్దాం. వడ్డీ ఇలాగే ఉంటే, ఒక్కసారి కట్టిన 5 వేలు 21 ఏళ్లకు సుమారు 26 వేలవుతాయి. నెలకు 250 చొప్పున 15 ఏళ్లు కడితే మన చేతి నుంచి పోయేది 45 వేలు. 21 ఏళ్లకు వచ్చేది సుమారు లక్షా 38 వేలు. వడ్డీ మారితే ఈ లెక్కా మారుతుంది.

ఇంకో సంగతి. నెలలో 5వ తేదీ లోపల కట్టాలి. 5 దాటాక కడితే ఆ డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు.

పన్ను లేదంటే ఏమిటి?

ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ప్రభుత్వానికి ఆదాయ పన్ను కడతారు. వాళ్లకు బ్యాంకులో వచ్చే వడ్డీ కూడా ఆదాయం కిందే లెక్క. సుకన్య ఖాతాలో అలా కాదు. ఏటా పడే వడ్డీ మీద పన్ను లేదు. చివర్లో వచ్చే మొత్తం మీదా లేదు. కూలి చేసే తల్లికి ఈ రోజు పన్ను బాధ ఉండకపోవచ్చు. కాని పాప రేపు ఉద్యోగం చేసి పన్ను కట్టే స్థితికి వచ్చినా ఈ డబ్బులో కోత పడదు.

ఉన్నదంతా మార్చాలా?

వద్దు. ఇదే ముఖ్యమైన మాట. ఈ ఖాతాలో వేసిన డబ్బు నచ్చినప్పుడు తీయడానికి వీల్లేదు. అందుకే మార్చే ముందు మూడు లెక్కలు చూసుకోవాలి.

మొదటిది అప్పు. ఆ తల్లికి 2 వేల అప్పుంది. రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు నూటికి 2 రూపాయలు, ఏడాదికి 24 రూపాయలు. 2 వేల మీద ఏడాదికి 480 రూపాయలు వడ్డీ కడుతోంది. అదే 2 వేలు సుకన్యలో వేస్తే వచ్చేది 164 రూపాయలు. ఏది లాభం? ముందు అప్పు తీర్చడమే లాభం.

రెండోది ఆపద. జ్వరం వస్తుంది. పని దొరకని నెల వస్తుంది. అందుకు 2 వేలు పాత ఖాతాలోనే ఉంచింది.

మూడోది గడువు. నెలనెలా కట్టే ఆర్.డి. లాంటివి ఉంటే గడువు తీరాక మార్చడం మేలు. ముందే తీస్తే వడ్డీ తగ్గుతుంది.

ఇక మిగిలింది 5 వేలు. అది పాపది.

ఎలా మార్చాలి?

పాప పుట్టిన తేదీ సర్టిఫికెట్, తల్లి ఆధార్ కార్డు, ఫొటోలు తీసుకెళ్లాలి. పాన్ కార్డు ఉంటే అదీ తీసుకెళ్లాలి. ఖాతా తెరిచే ఫారం నింపాలి. పాత ఖాతా నుంచి డబ్బు తీసే ఫారం నింపాలి. ఆ డబ్బు కొత్త ఖాతాలో కట్టాలి. పాప పేరుతో పాసుబుక్కు ఇస్తారు. కట్టిన ప్రతిసారీ అందులో అంకె వేయించుకోవాలి. దారిలో ఎవరి చేతికో డబ్బిచ్చి "కట్టెయ్ అన్నా" అనకూడదు. రేపు ఊరు మారితే ఖాతాను ఆ ఊరికి మార్చుకోవచ్చు.

డబ్బు ఎప్పుడు తీయొచ్చు?

పాప పదో తరగతి పాసయినా, 18 ఏళ్లు నిండినా, పై చదువుకు డబ్బు తీయొచ్చు. అంతకు ముందు ఏడాది చివర ఖాతాలో ఉన్నదాంట్లో సగం వరకు ఇస్తారు. కాలేజీలో చేరిన కాగితం, ఫీజు కాగితం చూపాలి. పెళ్లికని ఖాతా మూసి డబ్బు తీసుకోవచ్చు. కాని పాపకు 18 ఏళ్లు నిండిన రుజువు చూపాలి. చిన్నపిల్ల పెళ్లికి ఈ డబ్బు రాదు. 18 లోపు పెళ్లి చట్టప్రకారం నేరం కూడా.

ఆ తల్లి ఏం చేసింది?

అప్పు తీర్చింది. 5 వేలు మార్చింది. వెనకటి రోజుల్లో అయితే ఫారం మీద వేలిముద్ర వేసేది. ఈసారి ప్రతి గడీ కూడబలుక్కుని చదివింది. సంతకం పెట్టింది. పాసుబుక్కులో పాప పేరు చదివింది. అంకె చదివింది. ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది.

పండక్కి మరిది మళ్లీ వచ్చాడు. "వదినా, ఆ డబ్బు..." అన్నాడు.

"అది నాది కాదయ్యా. పాపది. నేనడిగినా ఇవ్వరు" అంది.

ఆలోచించండి:

మీ ఇంట్లో పదేళ్లలోపు ఆడపిల్ల ఉందా? మీ పాత ఖాతాలో ఎంత ఉంది? అందులో అప్పుకెంత? ఆపదకెంత? పాపకెంత? కాగితం మీద రాసి చూడండి.