ఒకటి నొక్కండి... రెండు నొక్కండి...

పెద్ద జబ్బు చేస్తే మదనపల్లె, పుంగనూరు వాళ్ళు తిరుపతికో వేలూరుకో పోతారు. కుప్పం వాళ్ళకు బెంగళూరు రైలు ఉండనే ఉంది. ఆపరేషన్ బాగానే జరుగుతుంది. అసలు అవస్థ ఇంటికి బయలుదేరే రోజున. ఉదయం తొమ్మిదికి డాక్టరు ‘ఇక వెళ్ళవచ్చు’ అంటాడు. పొద్దు వాలుతున్నా ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి రాదు. కొడుకు కింద కౌంటరు దగ్గర ఫోను చెవిన పెట్టుకుని నిలబడతాడు. ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది. నొక్కగా నొక్కగా సంగీతం వినిపిస్తుంది. ఆ తర్వాత లైను తెగిపోతుంది.

దీనికీ ఆరోగ్య శీర్షికకూ సంబంధమేమిటని మీరడగవచ్చు. పైన వార్డులో ఉన్న తండ్రికి మధుమేహం ఉందనుకోండి. పొద్దున ఇన్సులిన్ పడింది. ‘ఇంకాసేపట్లో ఇంటికి పోతాం కదా’ అని ఎవరూ భోజనం తెప్పించలేదు. మూడింటికి చెమటలు, వణుకు, మాట తడబాటు. అది ప్రయాణపు నీరసం కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే తాగించి, నర్సును పిలవండి. పావుగంట తర్వాత మళ్ళీ రక్తం చూపించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. బిల్లు తేలినా తేలకపోయినా రోగికి అన్నం, మాత్రలు వేళకు అందాలి.

ఇక బిల్లు. ఇన్సూరెన్స్ కంపెనీలను అదుపు చేసే ఐ.ఆర్.డి.ఏ.ఐ. 2024 మే 29న ఒక ఉత్తర్వు ఇచ్చింది. చేరేటప్పుడు నగదు లేని వైద్యానికి అనుమతి కోరితే కంపెనీ గంటలోపు తేల్చాలి. డిశ్చార్జికి ఆసుపత్రి నుంచి కోరిక అందిన మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలి. ఆ పైన ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ సొమ్ము కంపెనీదే. కాని ఈ మూడు గంటల లెక్క మీ ఫోనుతో మొదలు కాదు, ఆసుపత్రి కాగితాలు పంపడంతో మొదలవుతుంది. కనుక ముందు ఆసుపత్రిలోని ఇన్సూరెన్స్ డెస్కుకు వెళ్ళి, తుది బిల్లు ఎన్ని గంటలకు పంపారో రాయించుకోండి. ఒక్కోసారి అది ఇంకా అక్కడే బల్లమీద ఉంటుంది!

కోత ఎక్కడ పడుతుందో కూడా చెప్పాలి. పాలసీలో గది అద్దె రోజుకు 3,000 అని పరిమితి ఉంది, మీరు 6,000 గది తీసుకున్నారు. పోయేది గది తేడా ఒక్కటే అనుకుంటారు. చాలా పాలసీల్లో సర్జను ఫీజు, థియేటరు ఖర్చు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతాయి. అవి 80,000 అయితే చేతికొచ్చేది 40,000. మందులకు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. గది ఎంచుకునే ముందే పాలసీ తీసి చూడండి. పద్దులవారీ బిల్లు అడిగి తీసుకోండి, మొహమాటం వద్దు.

ఫోను మొరాయిస్తే ఫిర్యాదు ఈమెయిలులో పంపి, దాని నంబరు దాచుకోండి. ఐ.ఆర్.డి.ఏ.ఐ. ఫోను 155255. నెల గడిచినా జవాబు లేకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వైద్యం బెంగళూరులో జరిగినా కుప్పంలో కాపురమున్నవారు హైదరాబాదు కార్యాలయానికే పంపుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

మా సర్కారు ఆసుపత్రిలో బిల్లు బాధ లేదు, వరస బాధే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కింద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళదలచినవారు, అక్కడ తమ జబ్బుకు అది వర్తిస్తుందో లేదో బయలుదేరే ముందే 104కు ఫోను చేసి తెలుసుకోవాలి.

మరొకటి. కంపెనీ నంబరు కోసం ఇంటర్నెట్టులో వెతికి, ముందు కనిపించినదానికి ఫోను చేయకండి. అక్కడ మోసగాళ్ళు కాచుకుని ఉంటారు. యంత్రంలా విసిగించరు, ‘అన్నా’ అంటూ మర్యాదగా మాట్లాడి ఓటీపీ అడుగుతారు. పాలసీ కార్డు మీద ఉన్న నంబరుకే చేయండి. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి చెప్పండి.